సమస్యాపూరణం: తలను మోదుకొనెను తరువుకేసి

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పాకాల కట్ట దగ్గర ఎండిన ఇప్ప మొద్దు మీద వడ్రంగిపిట్టను చూస్తుంటే తట్టింది. పిట్ట పేరు చెప్పకుండానే ఇచ్చాను.

నర్సంపేట తమ్ముడి పూరణ:

పత్తి తడిసె వాన పాలయ్యె పంటంత
అప్పు తీరుటెట్టు లనుచు కుమిలి
రైతు గట్టు మీది రావి నీడను చేరి
తలను మోదుకొనెను తరువుకేసి

నేను: "వాన పాలయ్యె" మన నోటి మాట, చక్కగా అతికింది. రై–రా యతి సరిపోయింది. మూడో పాదం దగ్గర గొంతు పట్టేసింది తమ్ముడూ.

ములుగు అక్క పూరణ:

పురుగు దాగినట్టి పుచ్చు మానును చూసి
తోకనాని నిలిచి తొలుచుకొనుచు
పసిడి వీపు తోడ వడ్రంగి పిట్ట తా
తలను మోదుకొనెను తరువుకేసి

అక్క: కాలి వేళ్ళు రెండు ముందుకు, రెండు వెనక్కి ఉంటాయని కూడా చెప్పాలనుకున్నా సార్. గణాలు కుదరలేదు.

నేను: తోక ఒక్కటి చాలు అక్కా. "ఆని" అన్న చిన్న మాటలో అంతా ఉంది. ఆ ఈకలు పుల్లల్లా గట్టిగా ఉంటాయి, మూడో కాలులా ఊతమిస్తాయి. పాత ఈకలు రాలేటప్పుడు కూడా తోక నడిమి రెండూ, పక్కవి కొత్తగా మొలిచేదాకా రాలవు. "పసిడి వీపు" కూడా నిజమే, మన తోటల్లో తరచుగా కనబడేది బంగారు వీపు పిట్టే.

హనుమకొండ మిత్రుడి పూరణ:

మెదడు చుట్టు దూది మెత్త యుండుటచేత
నొప్పి యన్న మాట నోట లేక
గూడు కట్టదలచి కొయ్య చెక్కుచు పిట్ట
తలను మోదుకొనెను తరువుకేసి

నేను: ధార బాగుంది, కానీ మొదటి పాదం ఒప్పుకోలేను. తలలో మెత్త ఉందని మనమంతా చదువుకున్నదే. 2022లో బెల్జియం పరిశోధకులు హైస్పీడ్ వీడియోలు తీసి కొలిస్తే, పుర్రె సుత్తిలా బిగువుగా కదులుతోందని తేలింది. అదురును తలే మింగేస్తే చెట్టుకు దెబ్బ ఏం తగులుతుంది? మెదడు చిన్నది కాబట్టి ఆ అదురుకు దెబ్బతినదట.

మిత్రుడు: అయితే ఇలా మారుస్తా అన్నా: "మెదడు చిన్నదగుట మేలయ్యె దానికి".

నేను: భేష్! మె–మే యతి నిలిచింది, నిజమూ నిలిచింది.

వచ్చే వారం సమస్య, మళ్ళీ ఆటవెలది: "తలకు చుట్టె నాల్క తరువు మీద". అబద్ధం కాదు, ఈ పిట్ట నాలుక ఎముక పుర్రె వెనక నుంచి చుట్టి నడినెత్తి మీదుగా ముందుకు వస్తుంది.