శిక్షణలో తప్పని ఎలుక పొలంలో ఎందుకు తప్పుతుంది? (మందుపాతరలు పసిగట్టే ఎలుకలు)

చింతనీడ:
టాంజానియాలోని మొరొగొరోలో అపోపో సంస్థ పెద్ద ఆఫ్రికా ఎలుకలకు మందుపాతరల వాసన పట్టడం నేర్పే పద్ధతి చదువుతున్నాను. క్లిక్కర్ (నొక్కితే టిక్ మనే చిన్న పరికరం) నొక్కడం, అరటిపండు పెట్టడం వరకు అర్థమైంది. ఒక్కచోట ఆగిపోయాను. శిక్షణ మైదానంలో పాతర ఎక్కడుందో మనకు తెలుసు, ఎలుక అక్కడ గోకగానే తిండి పెడతాం. అసలు పొలంలో ఎక్కడుందో మనకే తెలియదు. అక్కడ గోకితే పెట్టాలా, వద్దా? పెడితే ఒక చిక్కు, పెట్టకపోతే ఇంకోటి. ఇంకో సందేహం: ఇదే పని మన పందికొక్కులకు నేర్పలేమా? ముక్కులో అవేం తక్కువ కాదు కదా. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ముక్కుసూటి:
చింతనీడ గారూ, మీరు పట్టుకున్నది ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన చిక్కు. జవాబుకు ముందు శిక్షణ వరుస చూడాలి.

పిల్ల కళ్లు తెరిచాక, 5 వారాల వయసప్పటి నుంచే మనుషుల చేతుల్లో తిప్పుతారు. బండి చప్పుడు, తడిగడ్డి, సిమెంటు నేల అన్నీ అలవాటు కావాలి. బెదురు పోని ఎలుక ఎంత చురుకైనదైనా పొలానికి పనికిరాదు. తర్వాత క్లిక్కర్: టిక్ మంటే తిండి వస్తుందని తెలియాలి. మెదిపిన అరటిపండులో ఎలుకల దాణా పొడి కలిపి, సూది తీసేసిన సిరంజిలోంచి ఒక్క చుక్క నాకిస్తారు. ఆ చుక్క చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే ఇరవై సార్లకే కడుపు నిండి, ఆ పూటకు పని ఆగిపోతుంది.

ఆపైన నేలలో ఒక చిల్లు, దాని కింద టీఎన్‌టీ, అంటే పాతరల్లో ఉండే పేలుడు పదార్థం. మొదట ముక్కు పెడితే చాలు, టిక్. తర్వాత ముక్కు ఒక సెకను నిలిపితేనే, ఆపైన రెండు, మూడు సెకన్లు. అది కుదిరాక మూడు చిల్లులు, ఒక్కదానిలోనే టీఎన్‌టీ. అక్కడి నుంచి మట్టిలోకి. టీ ఆకు వేసి ముంచే చిల్లుల స్టీలు గుండు ఉంటుంది చూడండి, అందులో టీఎన్‌టీ పెట్టి మొదట మట్టి మీదే ఉంచుతారు, తర్వాత పైపైన పూడుస్తారు, తర్వాత లోతుగా. ఒంటికి పటకా కట్టి తాడు వెంట నడవడం కూడా ఈ దశలోనే నేర్పుతారు. చివరికి పేలకుండా చేసిన అసలు పాతరలు పూడ్చిన మైదానం. అవి నెలల తరబడి మట్టిలో నానాలి. నిన్న పూడ్చి ఇవాళ పరీక్షిస్తే ఎలుక పట్టేది కొత్తగా తవ్విన మట్టి వాసన. మొత్తం సుమారు 9 నెలలు. ఆఖరి పరీక్షలో పాతర ఎక్కడుందో ఎలుకను నడిపేవాళ్లకు కూడా తెలియనివ్వరు. ఒక్కటి వదిలేసినా ఫెయిలే.

ఇందులో తేలిగ్గా చెడేది క్లిక్ సమయం. ఎలుక ముక్కు ఆనించి, మీసాలు ఆడిస్తూ ఆగుతుంది, ముందుకాళ్లతో గోకడం మొదలుపెడుతుంది. టిక్ సరిగ్గా ఆ గోకుడు మీద పడాలి. అర సెకను ఆలస్యమైతే అప్పటికి తల ఎత్తి మీ చేతి వైపు చూస్తుంటుంది, మీరు ఆ తల ఎత్తడాన్నే నేర్పినట్టు. ఇలాంటివి పది పడితే సరిదిద్దడానికి వారం పడుతుంది.

తాడుచివర:
ఇప్పుడు పొలం సంగతి. గడ్డి, పొదలు ముందే నరికేస్తారు. మెటల్ డిటెక్టర్‌తో సురక్షితమని తేల్చిన బాటలు గడికి రెండు పక్కలా ఉంటాయి. గడి అంటే సాధారణంగా 200 చదరపు మీటర్లు. ఆ బాటల్లో ఇద్దరు నిలబడి మధ్యలో తాడు పట్టుకుంటారు, ఎలుక దాని వెంట ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్తుంది. తర్వాత తాడు అర మీటరు జరుపుతారు. గోకిన చోటును కొలిచి పటంలో గుర్తు పెడతారు. అదే గడిని ఇంకో ఎలుక కూడా వెతుకుతుంది. గుర్తుల దగ్గరికి తర్వాత డిటెక్టర్‌తో మనుషులు వెళ్తారు.

డిటెక్టర్ ప్రతి మేకుకీ, ప్రతి సీసా మూతకీ మోగుతుంది. ఎలుకకు ఇనుముతో పనిలేదు. టెన్నిస్ కోర్టంత నేలను డిటెక్టర్‌తో వెతకడానికి 4 రోజుల దాకా పట్టవచ్చు, ఎలుకకు అరగంట చాలు. పైగా కిలో, కిలోంబావు బరువే కాబట్టి కాలుపెడితే పేలే పాతర దాని కింద పేలదు.

మీ ప్రశ్నకు జవాబు: అసలు గడిలో గోకితే తిండి పెట్టకూడదు. నిజమో కాదో తేలకముందే పెడితే రెండు మూడు రోజుల్లో ఎక్కడపడితే అక్కడ గోకడం మొదలవుతుంది, ప్రతి తప్పుడు గుర్తుకూ ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని మట్టి గీకాలి. అయితే ఎప్పుడూ పెట్టకపోతే మెల్లగా గోకడమే మానేస్తుంది, అది ఇంకా ప్రమాదం. అందుకే మనకు జవాబు తెలిసిన చోట్లు రోజూ కలపాలి. పక్కనే ఒక పరీక్ష గడి, అందులో ముందే పూడ్చినవి. అక్కడ వెతికి తిండి సంపాదించాకే అసలు గడికి పంపాలి. పరీక్ష గడిలో తప్పిన ఎలుకకు ఆ రోజు సెలవు. ఈ ఒక్క నియమాన్ని పనుల ఒత్తిడితో సడలించకూడదు.

ఇంకో మాట. ఎలుక మన చేతులను కూడా చదువుతుంది. పాతర ఎక్కడుందో తెలిసిన మనిషి అక్కడికి రాగానే తాడు కాస్త బిగబడతాడు, లేదా చెయ్యి సిరంజి వైపు వెళ్తుంది. ఎలుకకు అది చాలు. కాబట్టి జవాబుల కాగితం మూడో మనిషి దగ్గరే ఉండాలి. ఖాళీ గుంతలు కూడా తవ్వి పూడ్చాలి, ఖాళీ స్టీలు గుండ్లు పెట్టాలి. టీఎన్‌టీ ముట్టిన గ్లవ్స్‌తో వాటిని ముట్టకూడదు.

ఎండ కూడా చూసుకోవాలి. ఇది రాత్రి తిరిగే జంతువు. తెల్లవారుజామునే పని మొదలుపెట్టి, ఎండ ముదరకముందే గూటికి చేర్చాలి. చెవులకు, తోకకు సన్‌స్క్రీన్ రాస్తారు.

గరిసె:
పందికొక్కు గురించి. ముక్కు సమస్య కాదు, ఆయుష్షు, స్వభావం సమస్య. ఆఫ్రికా ఎలుక (క్రైసెటోమిస్) పెంపకంలో 8 ఏళ్ల దాకా బతుకుతుంది. 9 నెలలు నేర్పితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కంబోడియాలో పనిచేసిన మగావా 5 ఏళ్లలో 71 పాతరలు, 38 పేలని గుండ్లు పట్టింది, 2020లో పీడీఎస్ఏ (బ్రిటన్‌లోని జంతు సేవాసంస్థ) బంగారు పతకం అందుకుంది. పందికొక్కు అంతకాలం బతకదు, కోపం ఎక్కువ, చేతికి అంత సులభంగా మచ్చిక కాదు. ఆ ఆఫ్రికా ఎలుకకు బుగ్గల్లో సంచులు ఉంటాయి, గింజలు వాటిలో నింపుకుపోయి దాచుకుంటుంది. మట్టిలో ఉన్నది వాసనతో వెతకడం దానికి పుట్టుకతో వచ్చిన పని.

తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. మన పేపర్లలో మందుపాతర అంటే ఎక్కువగా తీగలాగి దూరం నుంచి పేల్చేది, అందులో చాలాసార్లు అమోనియం నైట్రేటో జిలెటినో ఉంటుంది. టీఎన్‌టీ మీద నేర్చిన ఎలుక దాన్ని పట్టుకుంటుందని అనుకోకూడదు. ఏ వాసన పట్టాలో ఆ వాసన మీదే నేర్పాలి. జాగిలానికైనా ఇదే లెక్క.

చింతనీడ:
చాలా థాంక్సండీ. ఈ ఎలుకలతోనే తెమడ వాసన చూపించి క్షయ కూడా పట్టిస్తారట. జవాబు తెలిసిన చోట్లు కలపడం అన్నారు కదా, ఆ క్షయ పరీక్షలో కూడా ఇదేనా?

తాడుచివర:
అక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తెమడ నమూనాలను ముందు వేడిచేసి క్రిములను చంపుతారు, పనిచేసేవాళ్లకు అంటకుండా. పొడవాటి గాజు పెట్టె అడుగున 10 చిల్లులు, ఒక్కో చిల్లు కింద ఒక్కో నమూనా. ఎలుక వరసగా వాసన చూస్తూ వెళ్లి, అనుమానం ఉన్నచోట 3 సెకన్లు ఆగుతుంది. 100 నమూనాలకు 20 నిమిషాలు చాలు. వాటిలో కొన్ని ఆస్పత్రి మైక్రోస్కోపులోనే క్షయ అని తేలినవి. వాటి దగ్గర ఆగితేనే తిండి. ఆస్పత్రిలో లేదని తేలినవాటి దగ్గర ఆగితే తిండి లేదు, రాసుకుంటారు, ల్యాబ్‌లో మళ్లీ చూస్తారు. రోగం ఉందని చెప్పేది ల్యాబే, ఎలుక కాదు.

ఇక్కడ చెడగొట్టేది డబ్బాలే. క్షయ అని తేలిన నమూనాలు ఒక రకం మూత డబ్బాల్లో, మిగతావి ఇంకో రకంలో వస్తే, లేదా అవి ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులు ఉంటే, ఎలుక ఆ తేడానే పట్టుకుంటుంది. లెక్కలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, కొత్త ఆస్పత్రి నమూనాలు రాగానే కుప్పకూలుతాయి. డబ్బాలు, నిల్వ రోజులు, వేడిచేసే విధానం అన్నిటికీ ఒకేలా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి, ఎలుక సంగతి ఆ తర్వాత.