గోట్లాండ్‌లో మిడ్‌సమ్మర్: విస్బీలో ఉండాలా, పల్లెల వైపు వెళ్లాలా?

వాణి_ఉప్సల

అందరికీ నమస్కారం. ఈ జూన్‌లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. మిడ్‌సమ్మర్ (స్వీడన్ వాళ్ల వేసవి పండగ) వారాంతానికి గోట్లాండ్ ద్వీపానికి తీసుకెళ్లాలని ఉంది. నాన్నగారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. పాత కోటలు, రాజుల కాలం నాటి వర్తకం అంటే ఆయనకి ప్రాణం. అమ్మకి పండగ వాతావరణం, పాటలు, పూలు ఉంటే చాలు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అక్కడి పాత పట్నం విస్బీ కోటగోడ లోపలే బస చూసుకోవాలా, లేక బయట పల్లెల్లోనా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

శ్రీధర్_నాకా

వాణి గారూ, ముందు టికెట్ల సంగతి. స్టాక్‌హోం నుంచైతే నైనాస్‌హామ్న్ దాకా లోకల్ ట్రైన్ ఉంది, అక్కడి నుంచి విస్బీకి ఫెర్రీలో మూడు గంటల పైచిలుకు. దక్షిణాదిన ఉన్నవాళ్లకి ఆస్కర్స్‌హామ్న్ నుంచి కూడా ఫెర్రీ ఉంది. మిడ్‌సమ్మర్‌కి సగం స్వీడన్ కదులుతుంది కాబట్టి కారుతో వెళ్లేట్టయితే చలికాలంలోనే బుక్ చేసుకోండి.

తేదీ చూసుకోండి. 1953కి ముందు ఏటా జూన్ 23 సాయంత్రం, 24 పండగ. ఇప్పుడు జూన్ 19-25 మధ్య వచ్చే శుక్రవారమే అసలు సందడి. ఆ రోజు చాలా షాపులు మధ్యాహ్నానికే మూసేస్తారు, కొన్ని అసలు తియ్యరు. గురువారం సాయంత్రానికే కూరగాయలు, పాలు, పెరుగు కొని పెట్టుకోండి. పల్లె బస్సులు కూడా పండగ రోజున బాగా తక్కువ.

మాల్మో_మాధవి

నా ఓటు పల్లెకే వాణీ. మిడ్‌సమ్మర్ అంటే స్వీడన్‌లో పట్నం ఖాళీ అయ్యే పండగ. విస్బీ వీధుల్లో ఆ రోజు టూరిస్టులే ఎక్కువ కనిపిస్తారు, ఊరివాళ్లు బంధువుల ఇళ్లకి వెళ్లిపోతారు. గోట్లాండ్‌లో ప్రతి పారిష్‌కీ (ఒక చర్చి కిందికి వచ్చే పల్లె ప్రాంతం) ఊరి సంఘం ఉంటుంది. వాళ్ల పాత ఇల్లు, ముందు పచ్చిక మైదానం, అక్కడే ఆకులు, పూలు చుట్టిన పండగ స్తంభం నిలబెడతారు.

మేం చూసిన చోట పొద్దున్నే పిల్లలూ ముసలివాళ్లూ కలిసి భూర్జ కొమ్మలు, అడవి పూలు తెచ్చి, నేల మీద పడుకోబెట్టిన స్తంభానికి సన్న తాడుతో చుట్టారు. పైన అడ్డకర్ర, దానికి రెండు వైపులా పెద్ద పూల వలయాలు. ఒక పెద్దావిడ ప్రతి కట్టు దగ్గరా ఆగి, కొమ్మ జారుతుందేమోనని వేలితో లాగి చూసేది, వదులుగా ఉంటే విప్పించి మళ్లీ కట్టించేది. మధ్యాహ్నం తర్వాత ఎత్తడం. చేతులతో కొంత పైకి లేపాక, కత్తెరలాగా జతగా కట్టిన కర్రలతో కింద నుంచి మోపుతూ అంగుళం అంగుళం లేపుతారు. ఒకాయన కేక వేస్తాడు, అందరూ ఒక్కసారిగా నెడతారు. స్తంభం నిటారుగా నిలబడ్డాక వయొలిన్ మొదలవుతుంది. ఆ తర్వాత చుట్టూ వలయాలుగా చేతులు పట్టుకుని ఆడతారు, కప్పల్లా గెంతే ఆట కూడా ఉంటుంది. ఎవరూ పక్కన నిలబడి చూడరు. మీ అమ్మగారిని కూడా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు, చీరలో ఉన్నా ఏం ఫర్వాలేదు.

రాత్రి ఏడు రకాల పూలు మాట్లాడకుండా కోసి, దిండు కింద పెట్టుకుంటే కాబోయేవాడు కల్లో కనిపిస్తాడని నమ్మకం. కొన్ని చోట్ల తొమ్మిది పూలంటారు. ఒక్క మాట, గోట్లాండ్ నిండా ఆర్కిడ్లు పూస్తాయి, కానీ అవి కొయ్యడం చట్టప్రకారం నేరం. నీలంగా నిలువుగా పూసే బ్లోఎల్డ్, తెల్ల చామంతులు, ఎర్ర గసగసాల పూలు ఎన్నైనా దొరుకుతాయి.

కోనసీమ_రాజు

నేను ఒప్పుకోను మాధవి గారూ. చరిత్ర ఇష్టపడే పెద్దాయన్ని తీసుకెళ్తూ విస్బీ బయట ఉంచడం అన్యాయం. దాదాపు మూడున్నర కిలోమీటర్ల గోడ, ఇంకా నిలబడి ఉన్న 27 పెద్ద బురుజులు, లోపల పైకప్పులేని చర్చిల శిథిలాలు. 1995లో యునెస్కో జాబితాలోకి ఎక్కించింది ఊరికే కాదు. పెద్ద బజారు పక్కనే సాంక్తా కారిన్ శిథిలం ఉంది, ఫ్రాన్సిస్కన్ సన్యాసులు 1233లో మొదలుపెట్టిన మఠం. కప్పు పోయింది, రాతి కమానులు మాత్రం ఆకాశానికి ఎదురుగా అలాగే నిలబడ్డాయి. ఆ పొద్దు పదింటికి కాస్త ముందు దాకా మునగదు, మునిగాక కూడా పూర్తి చీకటి పడదు. ఆ వెలుతురులో ఒకసారి గోడ చుట్టూ నడవాల్సిందే.

పెద్ద చర్చి సంక్తా మరియాని 1225లో ప్రతిష్ఠించారు, కట్టించింది జర్మన్ వర్తకులు. దాని అటక మీద సరుకు నిలవ ఉంచేవారు. రష్యాలోని నొవ్‌గొరోద్‌లో జర్మన్ వర్తకుల కొట్టు ఖర్చులు పోను మిగిలిన డబ్బు ఈ చర్చిలోని పెట్టెలోకి వచ్చేది. ఆ పెట్టెకి నాలుగు తాళంచెవులు. విస్బీ, ల్యూబెక్, జోస్ట్, డార్ట్‌ముండ్ ఊళ్ల పెద్దల దగ్గర ఒక్కోటి. నలుగురూ కలిస్తే తప్ప పెట్టె తెరుచుకోదు. ఇది చెబితే మీ నాన్నగారు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

వాణి_ఉప్సల

రాజు గారూ, ఆ పెట్టె సంగతి నాన్నగారికి ఫోన్లో చెప్పేశాను. వెంటనే వచ్చిన ప్రశ్న: "అంత గోడ ఎవరి భయంతో కట్టారు? డెన్మార్క్ వాళ్లకా, సముద్రపు దొంగలకా?" ఎవరైనా చెప్పగలరా?

చరిత్ర_దారి

మీ నాన్నగారు సరైన చోటే పట్టుకున్నారు. నాకు గోట్లాండ్ మీద ఉన్న ఇష్టమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, కాస్త పెద్దగా రాస్తాను.

సముద్రం వైపు కూడా గోడ ఉంది. కానీ ఎత్తైన బురుజులు, కందకాలు నేల వైపు ఉన్నాయి. అంటే ఆ గోడ చూస్తున్నది ద్వీపంలోని రైతుల వైపు.

మొదట్లో వర్తకం చేసింది ఆ రైతులే. విస్బీ పెద్ద పట్నం కాకముందే గోట్లాండ్ రైతులు సొంత పడవల మీద తూర్పున రష్యా నదుల దాకా వెళ్లొచ్చేవారు. పొలం, పడవ రెండూ ఒకే ఇంటివి. 1999లో స్లీతె దగ్గర స్పిల్లింగ్స్ అనే చోట పొలంలో దొరికిన నిధిలో 67 కిలోల వెండి ఉంది. వైకింగ్ కాలపు వెండి నిధుల్లో ప్రపంచంలోనే పెద్దది. 14,000కి పైగా నాణేలు, దాదాపు అన్నీ అరబ్బు దిర్హమ్‌లు. బాగ్దాద్ వైపు, మధ్య ఆసియా వైపు టంకశాలల్లో అచ్చయిన వెండి ఒక పల్లెటూరి రైతు ఇంటి నేల కిందికి చేరిందంటే ఆ ఊళ్ల స్థాయి ఏమిటో చూడండి. 870 తర్వాత ఎప్పుడో పాతిపెట్టారు. 1161లో సాక్సనీ డ్యూక్ సింహ హెన్రీ తన రాజ్యంలో గోట్లాండ్ వాళ్లకి రక్షణ, సుంకాల మినహాయింపు ఇచ్చాడు. నొవ్‌గొరోద్‌లో వాళ్లకి సొంత కొట్టు, సంత్ ఓలాఫ్ పేర చర్చి ఉండేవి. అక్కడి నుంచి మైనం, బొచ్చు తోళ్లు పడమటికి, పడమటి నుంచి ఉప్పు, ఫ్లాండర్స్ బట్ట తూర్పుకి.

జర్మన్లు విస్బీలో స్థిరపడ్డాక లెక్క మారింది. రైతుల చేతిలోని వర్తకం పట్నం చేతికి వెళ్లింది. 1288లో పట్నానికీ పల్లెలకీ యుద్ధమే జరిగింది. స్వీడన్ రాజు మాగ్నుస్ లాదులోస్ మధ్యలో వచ్చి సర్దుబాటు చేశాడు. తన అనుమతి లేకుండా గోడ కట్టినందుకు పట్నం మీద జరిమానా వేశాడు. ఆ తర్వాత గోడ ఇంకా పెరిగింది తప్ప తగ్గలేదు.

73 ఏళ్లకి దాని ఫలితం కనిపించింది. 1361 జులై 27న డెన్మార్క్ రాజు వల్దెమార్ అత్తెర్‌దాగ్ సైన్యం విస్బీ దాకా వచ్చింది. గోడ బయట ఎదురు నిలిచింది పల్లె జనం. సుమారు 1,800 మంది చనిపోయారని అంచనా. తవ్వకాల్లో బయటపడ్డ ఎముకల్లో పిల్లలు, ముసలివాళ్లు, అంగవైకల్యం ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. చేయి ఎత్తగలిగినవాళ్లంతా వచ్చారన్నమాట. పట్నం తలుపులు తియ్యలేదు, తర్వాత లొంగిపోయింది. రెండో రోజుకల్లా, జులై 29న, వల్దెమార్ పట్నం హక్కులు అలాగే ఉంటాయని పత్రం రాసిచ్చాడు.

ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. గోడకి దక్షిణపు తలుపు బయట, కొద్ది దూరంలో కోర్స్‌బెత్నింగెన్ అని గడ్డి మైదానం ఉంది. అక్కడొక రాతి శిలువ. విస్బీ తలుపుల ముందు గోట్లాండ్ వాళ్లు డేన్‌ల చేతిలో పడిపోయారు, ఇక్కడే ఖననమయ్యారు, వీరి కోసం ప్రార్థించండి అని లాటిన్‌లో ఉంటుంది. ముందు అక్కడికి వెళ్లి, ఆ తర్వాత గోడ లోపలికి రండి.

స్వాతి_లుండ్

మూడు పీపాల కథ ఎవరూ చెప్పలేదేం? వల్దెమార్ బజారులో మూడు ఖాళీ పీపాలు పెట్టించి, వెండి బంగారాలతో నింపకపోతే దోచేస్తానన్నాడని గైడ్ చెప్పింది.

చరిత్ర_దారి

అది తర్వాత పుట్టిన కథ స్వాతి గారూ. 1882లో హెల్‌క్విస్ట్ అనే చిత్రకారుడు ఆ దృశ్యాన్ని పెద్ద బొమ్మగా వేశాడు, దాంతో అందరి మనసులో నాటుకుపోయింది. పట్నం సొమ్ము కట్టి ఉండొచ్చు, కానీ ఆ కథ చెప్పేటప్పుడు బాధితులు పట్నం వర్తకులు మాత్రమే అయిపోతారు. గోడ బయటివాళ్లు కనిపించరు. అందుకే గోట్లాండ్ మ్యూజియం తప్పక చూడమంటాను. ఇనుప వలల టోపీ ఇంకా తలకే ఉన్న పుర్రె ఉంది అక్కడ. స్పిల్లింగ్స్ వెండి కూడా అక్కడే.

కోనసీమ_రాజు

ఈ వివరాలు విన్నాక నా సలహా కొంచెం మారుస్తాను. ఒక రాత్రి విస్బీలో, మిగతావి బయట. కానీ మ్యూజియం శుక్రవారం తెరిచి ఉంటుందో లేదో వాళ్ల సైట్లో చూసుకుని వెళ్లండి.

మాల్మో_మాధవి

తిండి సంగతి. పండగ పళ్లెంలో సిల్ ముఖ్యం. అంటే వెనిగర్, పంచదారలో ఊరిన హెర్రింగ్ చేప. ఆవ సాస్‌లో వేసిన రకం కూడా ఉంటుంది, ముక్కు దాకా ఎక్కే ఆ ఘాటుకి మనకి కొత్తావకాయ జాడీ మూత తీసినట్టే ఉంటుంది. అమ్మగారికి మాత్రం కొత్త బంగాళాదుంపలు. చిన్నవి, పల్చటి తొక్కతో, సోయకూర వేసి ఉడికిస్తారు. పుల్లటి మీగడ, సన్నగా తరిగిన ఉల్లికాడలు, వెన్న. ఆ సీజన్ దుంప రుచే వేరు. స్ట్రాబెర్రీలు కేక్ వద్దని, విడిగా మీగడతో అడగండి. కేకులో గుడ్డు ఉంటుంది.

గోట్లాండ్ ప్రత్యేకం కుంకుమపువ్వు పాన్‌కేక్. పాలల్లో ఉడికించిన అన్నంలో కుంకుమపువ్వు వేసి ఓవెన్లో పెడతారు, పైన సాల్మ్‌బ్యార్ (బ్లాక్‌బెర్రీ జాతి పండు) జామ్, మీగడ. మీ నాన్నగారికి ఇప్పించండి. అందులోనూ గుడ్డు ఉంది, అమ్మగారికి కుదరదు.

శ్రీధర్_నాకా

మాధవి గారి పళ్లెంలోనే వర్తకం కనిపిస్తోంది నాకు. మధ్యయుగంలో హెర్రింగ్ పెద్ద సంత గోట్లాండ్‌లో కాదు, ఇప్పటి స్వీడన్ దక్షిణ కొసన ఉన్న స్కోనెలోని స్కానోర్, ఫాల్‌స్టర్‌బో తీరాన జరిగేది. చేప ఊరబెట్టే ఉప్పు జర్మనీలోని ల్యూనెబుర్గ్ ఉప్పునీటి ఊటల నుంచి ల్యూబెక్ మీదుగా వచ్చేది. ఆ ఉప్పు చేతిలో ఉండబట్టే ల్యూబెక్‌కి అంత బలం. పూల స్తంభం కూడా మధ్యయుగం చివర్లో జర్మనీ వైపు నుంచే వచ్చిందని చాలామంది పండితుల మాట. పళ్లెంలో దుంప మాత్రం 18వ శతాబ్దం నుంచే.

స్వాతి_లుండ్

అయితే పూర్తిగా స్వీడిష్ అనుకున్న పండగలో సగం ఓడల మీద దిగిందన్నమాట! ఆ ల్యూబెక్కే 1525లో విస్బీని తగలబెట్టింది కూడా. అప్పటికి ద్వీపం డెన్మార్క్ చేతిలో ఉంది, 1645లో గానీ స్వీడన్‌కి తిరిగి రాలేదు.

వాణి_ఉప్సల

ఇంత విషయం వస్తుందనుకోలేదు, అందరికీ చాలా చాలా థాంక్స్. నాన్నగారి కోసం పల్లెల్లో చూడాల్సిన చర్చిలు రెండు మూడు చెప్పండి. కారు ఉంటుంది.

చరిత్ర_దారి

ద్వీపంలో మధ్యయుగపు పల్లె చర్చిలు 92 ఇంకా వాడుకలో ఉన్నాయి. వేసవిలో పగలు చాలావాటికి తాళం వెయ్యరు.

ముందు షెల్లుంగె. బయట నుంచి చూస్తే వింతగా ఉంటుంది: పూజ జరిగే తూర్పు భాగం భారీగా లేచి ఉంటుంది, జనం కూర్చునే భాగం దాని పక్కన చిన్నబోయి ఉంటుంది. పాతదాన్ని కొంచెం కొంచెంగా పడగొట్టి పెద్దది కడదామనుకున్నారు. తూర్పు భాగం అయ్యింది, తర్వాత డబ్బు ఆగిపోయింది. ద్వీపంలో ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. పల్లెల చేతిలోంచి వర్తకం ఎలా జారిపోయిందో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలీదు. తర్వాత గార్దె. గోడల మీద బైజాంటైన్ తరహా సాధువుల బొమ్మలు, నొవ్‌గొరోద్ దారి గుర్తుగా మిగిలినవి. టైముంటే లీ చర్చిలో మధ్యయుగపు రంగు అద్దాలు.

పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లు ఎవరైనా కనిపిస్తే దగ్గరికి వెళ్లొద్దు. అనుమతి లేకుండా వాడటం నేరం. దొంగతవ్వకాల వల్ల ఆ ద్వీపం చాలా పోగొట్టుకుంది.

వాణి_ఉప్సల

సరే, ఇలా అనుకున్నాను. గురువారం ఫెర్రీ దిగగానే కోర్స్‌బెత్నింగెన్, ఆ తర్వాత గోడ, రాత్రి విస్బీలోనే. శుక్రవారం పొద్దున షెల్లుంగె చూసుకుని ఏదైనా ఊరి మైదానానికి. శనివారం ఫోరె ద్వీపానికి ఫ్రీ ఫెర్రీలో వెళ్లి రౌక్ రాళ్లు (సముద్రం చెక్కిన సున్నపురాతి స్తంభాలు). ఆదివారం మ్యూజియం చూసి తిరుగు ప్రయాణం. నాన్నగారు మోకాలి నొప్పితో ఎక్కువ నడవలేరు, ఇది ఆయనకి ఎక్కువవుతుందా?

మాల్మో_మాధవి

గోడ మొత్తం ఒకేసారి నడవనక్కర్లేదు. తూర్పు తలుపు నుంచి ఉత్తరం వైపు, గోడ బయట గడ్డి మీద కొంత దూరం చాలు, కందకం, బురుజులు బాగా కనిపించేది అక్కడే. షెల్లుంగెలో చర్చి గేటు దగ్గరి దాకా కారు వెళ్తుంది. స్తంభం ఎత్తే చోటికి మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్లండి, అక్కడ అందరూ గడ్డి మీదే కూర్చుంటారు. స్వెట్టర్, రెయిన్‌కోటు తప్పనిసరి. జూన్ అయినా 15 డిగ్రీలకి పడిపోయి వాన పట్టుకోవచ్చు, వానలోనూ డాన్స్ ఆపరు.