జపాన్ నుంచి అమెరికాకి సిల్వియా ఎస్15: 2001 జూన్ బండిని ఎప్పుడు దించుకోవచ్చు?

ఫ్రిస్కో_గేర్
అందరికీ నమస్కారం. ఉండేది టెక్సస్, డల్లాస్ పక్కన. జపాన్ వేలంలో నిస్సాన్ సిల్వియా ఎస్15 స్పెక్-ఆర్ ఒకటి చూసి పెట్టుకున్నాను. రైట్ హ్యాండ్ డ్రైవ్, 6 గేర్ల మాన్యువల్. వేలం షీట్ (బండి పరిస్థితి రాసే కాగితం) మీద గ్రేడ్ 4, ఇంటీరియర్ బి. మొదటి రిజిస్ట్రేషన్ "హెయిసెయి 13, 6వ నెల" అని ఉంది. ధర 25,000 డాలర్ల దాకా పడేలా ఉంది. "ఇప్పుడే షిప్పు ఎక్కించేద్దాం, చేరేసరికి 25 ఏళ్లు నిండిపోతాయి" అంటున్నాడు ఎక్స్‌పోర్టర్. నమ్మొచ్చా? అమెరికా ప్రమాణాలకి తయారుకాని బండి దించుకోవాలంటే నిండాల్సిన ఆ 25 ఏళ్లు ఏ తేదీ నుంచి లెక్కేస్తారు? డ్యూటీ ఎంత కట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

పోర్టు_కాగితాలు
హెయిసెయి అంటే జపాన్ వాళ్ల సంవత్సరాల లెక్క, దానికి 1988 కలపండి. 13 అంటే 2001. ఈ కూడిక తప్పుగా వేసిన ఇంగ్లిష్ అనువాదాలు చాలానే తిరుగుతుంటాయి, మీరే ఒకసారి సరిచూసుకోండి.

ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) చూసేది మోడల్ ఇయర్ కాదు, తయారైన నెల. మన దగ్గరి బండ్లకి డోర్ పక్కన తయారీ తేదీ స్టిక్కర్ ఉన్నట్టు జపాన్ బండికి ఉండదు. అప్పుడు 25 ఏళ్ల కిందటే రిజిస్టర్ అయిందని చూపే కాగితం ఒప్పుకుంటారు. మీ విషయంలో అది ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్‌లోని మొదటి రిజిస్ట్రేషన్ నెల. బండి అంతకు ముందే ఫ్యాక్టరీ దాటి ఉంటుంది, కానీ రుజువు చేతిలో లేకపోతే జూన్‌నే పట్టుకుని కూర్చోవాలి. కాగితం మీద నెలే ఉంటుంది, తారీఖు ఉండదు. కాబట్టి షిప్పు 2026 జులైలో వచ్చేలా చూసుకోవడం మంచిది.

"చేరేసరికి నిండుతుంది" అన్న మాట మీద మాత్రం పందెం కాయొద్దు. షిప్పు వారం ముందొస్తే బండి పోర్టులో ఆగిపోతుంది. స్టోరేజీ బిల్లు రోజురోజుకీ పెరుగుతుంది, చివరికి తిరిగి పంపేయమన్నా అనొచ్చు. ఎలాగూ కొంటారు కాబట్టి, అప్పటిదాకా జపాన్ యార్డ్‌లోనే అద్దె కట్టి ఉంచండి. ఎలా చూసినా అదే చవక.

ఫారాలు రెండు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వాళ్ల హెచ్‌ఎస్-7లో బాక్స్ 1, ఈపీఏ (పర్యావరణ సంస్థ) వాళ్ల 3520-1లో కోడ్ ఇ. ఈపీఏకి 21 ఏళ్లే చాలు, కానీ అక్కడొక మెలిక ఉంది: బండి అసలు ఇంజిన్‌తో, మార్పులు లేకుండా ఉండాలి. వేరే ఇంజిన్ ఎక్కిస్తే అది ఈపీఏ సర్టిఫై చేసిన, సమానమైన లేదా కొత్త ఇంజిన్ అయి ఉండాలి. ఐఎస్‌ఎఫ్ (సరుకు వివరాలు కస్టమ్స్‌కి ముందే తెలిపే) ఫైలింగ్ లోడింగ్‌కి 24 గంటల ముందే పడిపోవాలి. ఆలస్యమైతే 5,000 డాలర్ల దాకా జరిమానా. అది ఎక్స్‌పోర్టర్ పని అనుకుని చాలామంది ఊరుకుంటారు. బాధ్యత దిగుమతిదారుది, అంటే మీదే.

డ్యూటీ కారు ధర మీద 2.5 శాతం. 25,000కి 625 డాలర్లు. దానికి తోడు కారు ధర మీదే ఎంపీఎఫ్ (కస్టమ్స్ ప్రాసెసింగ్ ఫీజు) 0.3464 శాతం, అంటే 86.60. హెచ్‌ఎంఎఫ్ (హార్బర్ నిర్వహణ ఫీజు) 0.125 శాతం, అంటే 31.25. మొత్తం 742.85. 2025లో వచ్చిన అదనపు కార్ల సుంకం 25 ఏళ్లు దాటిన బండ్లకి పడదు, కానీ ఆ మినహాయింపు దానంతటది రాదు. 7501 ఎంట్రీలో (కస్టమ్స్ దిగుమతి ఫారంలో) 9903.94.04 అనే సుంకం కోడ్ బ్రోకర్ రాయాలి. ఆ మినహాయింపుకి తయారైన సంవత్సరం లెక్క, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి నెల లెక్క. రెండూ ఒకటే అనుకోకండి. సుంకాలు ఈమధ్య మాటిమాటికీ మారుతున్నాయి, ఎంట్రీ వేసే వారంలో బ్రోకర్‌ని మళ్లీ అడగండి.

ఇన్వాయిస్‌లో కారు ధర, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ విడివిడిగా రాయించండి. అలా విడిగా చూపిన సముద్ర కిరాయి మీద డ్యూటీ ఉండదు. అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే మొత్తం మీదా కడతారు.

ఎస్ఆర్20_మెకానిక్
పైన చెప్పిన ఇంజిన్ సంగతి ఎస్15కి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. స్పెక్-ఎస్‌లో టర్బో లేని 165 పీఎస్ ఇంజిన్, స్పెక్-ఆర్‌లో 250 పీఎస్ టర్బో. స్పెక్-ఎస్ కొని టర్బో ఇంజిన్ దింపి స్పెక్-ఆర్ ధరకి అమ్మేవాళ్లు బోలెడుమంది. ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ చూస్తే తేలదు, రెండింటికీ ఇంజిన్ దగ్గర "ఎస్ఆర్20" అనే ఉంటుంది. బానెట్ లోపల ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీద నీలం ప్లేటు ఉంటుంది, దాని మీద పూర్తి మోడల్ కోడ్ చదవాలి. అక్షరాలు స్పష్టంగా కనిపించే ఫొటో అడగండి. పంపకపోతే ఆ బండి వదిలేయండి.

షీట్ సంగతి: గ్రేడ్ 4 అని మురిసిపోవద్దు, బొమ్మ మీద గీసిన గుర్తులు చదవండి. "ఏ" అంటే గీత, "యు" అంటే సొట్ట, "డబ్ల్యూ" అంటే రిపేరు చేసిన చోటు అల, "ఎస్" అంటే తుప్పు, "సి" అంటే తినేసిన తుప్పు, ఎక్స్‌ఎక్స్ అంటే మార్చేసిన ప్యానెల్. పక్కన అంకె పెరిగేకొద్దీ దెబ్బ పెద్దది. ఎస్15లు డ్రిఫ్టింగ్‌లో నలిగిన బండ్లు. వెనక చక్రం మీది ఆర్చ్ అంచు లోపలికి సుత్తితో మడిచి ఉందా, రేడియేటర్ సపోర్ట్ బోల్టుల మీద పెయింట్ చిట్లిందా చూడండి. తుప్పు ఎక్కువగా జాకీ పెట్టే చోట, వెనక ఆర్చ్‌లలో, డిక్కీ నేలలో మొదలవుతుంది. అండర్‌కోటింగ్ కొత్తగా నల్లగా మెరుస్తుంటే అనుమానించాలి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా ఆపకుండా తీసిన వీడియో తెప్పించండి. వేడెక్కాక ఐడిల్‌లో డీజిల్ ఆటోలా టకటక అంటే ఇన్‌టేక్ క్యామ్ మీదున్న వీటీసీ (వాల్వ్ టైమింగ్ మార్చే భాగం) అరిగింది. బండి నడుస్తుంది, కానీ బేరమాడటానికి పనికొస్తుంది. రెవ్ లిమిటర్‌కి పదేపదే కొట్టిన ఇంజిన్లలో రాకర్ ఆర్మ్ (వాల్వులు తెరిచే భాగం) జారిపోతుంది, అది మాత్రం చిన్న ఖర్చు కాదు. 6 గేర్ల బాక్స్ ఎక్కువ పవర్ తట్టుకోదు. బూస్ట్ పెంచిన బండి అయితే గేర్లు మార్చే శబ్దం కూడా వినాలి.

రాంగ్_సైడ్_సీటు
టెక్సస్ కాబట్టి అదృష్టవంతులు. 25 ఏళ్లు దాటాక ఎమిషన్ టెస్ట్ లేదు, 2025 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా తీసేశారు. రేపు ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్తే మాత్రం చిక్కే. అక్కడ ఇలా దిగుమతైన బండ్లలో 1975, అంతకు ముందువాటికే మినహాయింపు. మిగతావి ల్యాబ్‌లో పాసవ్వాలి.

టైటిల్‌కి (బండి యాజమాన్య పత్రానికి) 130-యు దరఖాస్తు, పోలీసు విభాగం బండి నంబరు చూసి ఇచ్చే వీటీఆర్-68-ఎ, ఒరిజినల్ ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, దాని ఇంగ్లిష్ అనువాదం, 7501 కాపీ పట్టుకెళ్లండి. సేల్స్ టాక్స్ 6.25 శాతం. ఎస్15-తో మొదలయ్యే ఛాసిస్ నంబర్ 17 అక్షరాలు ఉండదు, కౌంటర్‌లో కంప్యూటర్ ఒప్పుకోకపోతే కంగారు పడకండి, సూపర్‌వైజర్‌ని అడగండి. ఇన్సూరెన్స్‌కీ అదే ఇబ్బంది. ముందే విలువ ఒప్పుకుని రాసే క్లాసిక్ కార్ పాలసీ చూసుకోండి. మీటర్ కిలోమీటర్లది. 80,000 అని ఉంటే కౌంటర్‌లో మైళ్లుగా రాసేస్తారు. అసలు లెక్క సుమారు 49,700.

అన్నిటికంటే ముందు హెడ్‌లైట్లు. జపాన్ బీమ్ ఎడమ పక్కకి పైకి లేస్తుంది, ఇక్కడ ఎదురొచ్చేవాళ్లు ఉండేదీ ఆ పక్కే. బల్బు మారిస్తే పోయేది కాదు, కట్-ఆఫ్ (వెలుగు పై అంచు) కుడివైపు లేచే ప్రొజెక్టర్ వేయించాలి. అప్పటిదాకా కిందకి దించి పెట్టండి. పెట్రోల్ 93 ఆక్టేన్ కంటే తక్కువది పోయొద్దు.

ఫ్రిస్కో_గేర్
చాలా థాంక్స్ అన్నా, అందరికీ. ఎక్స్‌పోర్టర్‌కి నీలం ప్లేటు ఫొటో అడిగాను, ఇంకా రాలేదు. ఇంకొక్కటి: పాత ఓనర్ దగ్గరున్న స్పేర్ బంపర్, వీల్స్ డిక్కీలో, వెనక సీటులో పెట్టి పంపుతానంటున్నాడు. ఫ్రీగానే కదా, పెట్టించుకోనా?

పోర్టు_కాగితాలు
వద్దు తమ్ముడూ. ఇన్వాయిస్‌లో లేని సామాను బండిలో దొరికితే కస్టమ్స్ తెరిచి పరీక్షిస్తుంది, ఆ ఖర్చు నీదే. ఫ్రీగా ఇచ్చినవాటికీ విలువ రాయాలి, విడిభాగాల డ్యూటీ వేరు. రోరో షిప్పులో (బండ్లని నడిపి ఎక్కించే ఓడలో) ఐతే తాళాలు బండిలోనే ఉంటాయి, సామాను మాయమైతే అడిగే దిక్కుండదు. కావాలంటే వేరే పెట్టెలో వేరే ఇన్వాయిస్‌తో పంపమను. బండి కింద భాగం స్టీమ్‌తో కడిగించి, ఫొటోలు తీయించడం మాత్రం మరిచిపోకు. చక్రాల లోపల మట్టి కనపడితే పోర్టులోనే ఆపేస్తారు.