జర్మనీ కరెన్సీ మార్కు కుప్పకూలింది 1923లో అయితే, హిట్లర్‌కి ఓట్లు 1932లో ఎందుకు పడ్డాయి?

నమస్తే అండి. మా తాతయ్య స్టాంపుల ఆల్బమ్‌లో 1923 నాటి జర్మనీ స్టాంపు ఒకటుంది. 200 మార్కుల స్టాంపు మీదే 20 లక్షలని నల్లసిరాతో మళ్లీ అచ్చేశారు. అది చూసినప్పటి నుంచి ఆ కాలం గురించి చదువుతూనే ఉన్నాను.

ఒక్క విషయం మాత్రం అంతుపట్టడం లేదు. ఆ నవంబరుకి డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులైంది. మధ్యతరగతి వాళ్లు జీవితాంతం దాచుకున్న డబ్బు రొట్టెముక్కకి కూడా రాలేదు. తర్వాత రెంటెన్‌మార్కు అనే కొత్త కరెన్సీ వచ్చింది, ధరలు నిలబడ్డాయి. 1928 ఎన్నికల్లో హిట్లర్ పార్టీ నాజీలకు వచ్చింది 2.6 శాతం ఓట్లే. అదే 1932 జూలైకి 37.3 శాతం! అప్పుడు జనాన్ని పీడించింది ధరలు కాదు. దాదాపు 60 లక్షల మంది నిరుద్యోగులు, పైగా అప్పటి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బ్రూనింగ్ ప్రభుత్వం జీతాల్లో, భృతుల్లో పెట్టిన కోతలు.

మా అమ్మాయికి పదో తరగతిలో ఈ పాఠం ఉంది. "ద్రవ్యోల్బణం వల్లే హిట్లర్ వచ్చాడు" అని ఒక్క ముక్కలో చెప్పేయడానికి మనసొప్పడం లేదు.

పొదుపు పోయిన కడుపుమంట అన్నేళ్లు లోపలే రగిలి ఓటుగా బయటపడిందా? లేక రెండూ వేర్వేరు కథలా? పల్లెల్లో రైతులు, పట్నాల్లో గుమాస్తాలు, వీళ్లలో ముందు ఎవరు నాజీల వైపు మళ్లారు? చరిత్ర చదివినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?