సిరియాక్ సువార్తల పాత ప్రతులకి తేదీ ఎలా చెప్తారు?

పాతపుట:
సిరియాక్ (అరామిక్ భాషలో ఒక రూపం) బైబిల్ రాతప్రతుల గురించి ఈమధ్యే చదవడం మొదలుపెట్టా. సినాయి ప్రతిని ఒకచోట నాలుగో శతాబ్దం చివర అంటారు, ఇంకోచోట ఐదో శతాబ్దం అంటారు, అసలు ఏం చూసి చెప్తున్నారు? పెషిత్తా, పాత సిరియాక్ అని రెండు పేర్లు కనిపిస్తున్నాయి, ఒకటేనా వేరేనా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

తోలుపత్రం:
అన్నిటికంటే గట్టి ఆధారం ప్రతి చివర లేఖకుడు రాసుకున్న నాలుగు మాటలండి, ఎక్కడ రాశాడు, ఏ సంవత్సరం అని. కాకపోతే అది గ్రీకుల శకం, క్రీస్తు శకంలోకి మార్చాలంటే 311 తీసేయాలి, అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య అయితే 312. ఫ్లోరెన్స్‌లో ఉన్న రబ్బులా సువార్తల మీద 897 అని ఉంటుంది, అంటే 586. నెల తెలియకపోతే 463/464 అని రెండూ కలిపి రాస్తారు, బ్రిటిష్ లైబ్రరీలోని ఆదికాండం ప్రతికి వేసేది అలాంటి తేదీయే.

ఎస్త్రంగెలా అభిమాని:
సినాయి ప్రతి విషయంలో ఆ సౌకర్యం లేదు. అది పాలింప్సెస్ట్, అంటే సువార్తలు చెరిపేసి అదే తోలు మీద పుణ్యస్త్రీల చరిత్రలు రాశారు. పై రాతకి తేదీ ఉంది కానీ దాన్ని కూడా కొందరు 697 అని, కొందరు 778 అని చదువుతారు. 1892లో సినాయిలోని సెయింట్ కేథరీన్ మఠంలో ఆగ్నెస్ స్మిత్ లూయిస్ అనే పండితురాలు చూసినప్పుడు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి, కెటిల్ ఆవిరి పట్టి విడదీసింది, ఆమె ఓపికకి నిజంగా దండం పెట్టాలి. అడుగు రాతకి తేదీ లేదు కాబట్టి అక్షరాల తీరు చూడాల్సిందే. 411లో ఎడెస్సాలో (ఇప్పటి టర్కీలోని ఉర్ఫా) రాసిన ప్రతి ఒకటుంది, బైబిల్ కాదు గానీ తేదీ ఖాయం, అలాంటివాటితో పోల్చి చూస్తారు. పోలిక మీద చెప్పే తేదీకి అటూ ఇటూ కొన్ని దశాబ్దాలు తేడా ఉంటుంది, మీకు రెండు శతాబ్దాలు కనిపించడానికి కారణం అదే.

పాతపుట:
చాలా థాంక్స్, ఇప్పుడు క్లియర్‌గా ఉంది. మరి పెషిత్తా సంగతి?

వాచకం:
వేరేవే. సువార్తల్లో పాత సిరియాక్ అనువాదం ముందుది, దానికి ప్రతులు చాలా తక్కువ: సినాయిది, 1858లో క్యూర్టన్ అనే పండితుడు అచ్చువేసింది, ఇంకొన్ని పుటలు. 2023లో వాటికన్ ప్రతి ఒకదాని అడుగున మత్తయి భాగం కూడా బయటపడింది. తర్వాత వాడుకలో నిలిచింది పెషిత్తా, అందులో కొత్త నిబంధన 22 పుస్తకాలే, ప్రకటన గ్రంథం ఉండదు. ఇంకోటి, ప్రతి వయసు వేరు, అందులోని పాఠం వయసు వేరు, ఇది కలిపేసుకుంటే మొత్తం తికమకే. పోల్చడం మార్కు చివరి అధ్యాయంతో మొదలుపెట్టండి, సినాయి ప్రతి 16:8 దగ్గరే ఆగిపోతుంది, క్యూర్టన్ ప్రతిలో 17 నుంచి 20 దాకా వచనాలు మిగిలున్నాయి.