టీమ్‌స్పీక్ సర్వర్ బూట్ అవగానే దానంతట అదే స్టార్ట్ కావాలంటే?

రాత్రిబ్యాచ్:
ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద ఉబుంటు 22.04 వేసి టీమ్‌స్పీక్ 3 సర్వర్ పెట్టాను, రాత్రిళ్లు గేమ్ ఆడేటప్పుడు మావాళ్లంతా అందులోనే మాట్లాడుకుంటాం. చిక్కల్లా కరెంటు పోయి వచ్చినప్పుడే. మెషిన్ లేస్తుంది కానీ సర్వర్ లేవదు, నేను ఎక్కడున్నా ఫోన్‌లోంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి స్టార్ట్‌స్క్రిప్ట్ రన్ చేసేదాకా అందరూ ఎదురుచూడాల్సిందే. బూట్ అయ్యేటప్పుడు నడిచే ఆర్‌సీ లోకల్ అనే ఫైల్‌లో రాయమని ఎక్కడో చదివాను, చూస్తే ఉబుంటులో ఆ ఫైలే లేదు. క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) ఎట్-రీబూట్ లైన్ పెడితే చాలా, సిస్టమ్‌డీ (సర్వీసులన్నిటినీ లేపి చూసుకునే ప్రోగ్రామ్) నేర్చుకోక తప్పదా?

క్రాన్‌పక్షం:
క్రాన్ పనిచేస్తుంది. సర్వర్ ఏ యూజర్‌తో నడుస్తుందో ఆ యూజర్ క్రాన్‌ట్యాబ్‌లోనే (క్రాన్ పనుల జాబితా) రాయండి, స్క్రిప్ట్‌కి పూర్తి పాత్ ఇవ్వండి. కాకపోతే క్రాన్ ఒక్కసారి లేపి వదిలేస్తుంది. అర్ధరాత్రి సర్వర్ క్రాష్ అయితే మళ్లీ లేపేవాళ్లు ఉండరు.

టెర్మినల్‌రాజు:
సిస్టమ్‌డీనే పెట్టండి అన్నా, పది పన్నెండు లైన్ల పని. ఈటీసీలో సిస్టమ్‌డీ ఫోల్డర్, దాంట్లో సిస్టమ్ ఫోల్డర్, అక్కడ టీమ్‌స్పీక్ డాట్ సర్వీస్ అని ఒక ఫైల్ క్రియేట్ చేయండి. యూనిట్ సెక్షన్‌లో వాంట్స్‌కీ ఆఫ్టర్‌కీ రెండింటికీ నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ ఇవ్వండి. సర్వీస్ సెక్షన్‌లో యూజర్, వర్కింగ్ డైరెక్టరీ, ఎగ్జెక్‌స్టార్ట్, ఇంకా రీస్టార్ట్‌కి ఆన్-ఫెయిల్యూర్. ఇన్‌స్టాల్ సెక్షన్‌లో వాంటెడ్‌బై దగ్గర మల్టీ-యూజర్ టార్గెట్, ఇది మర్చిపోతే ఎనేబుల్ చేసినా బూట్‌లో లేవదు. తర్వాత సిస్టమ్‌సీటీఎల్‌తో డీమన్-రీలోడ్, ఆపైన ఎనేబుల్.

అసలు విషయం ఎగ్జెక్‌స్టార్ట్‌లో ఉంది. చాలామంది అక్కడ మామూలు స్టార్ట్‌స్క్రిప్ట్ ఇస్తారు. అది సర్వర్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లోకి తోసి, ప్రాసెస్ నంబర్‌ని ఒక పిడ్ ఫైల్‌లో రాసి తప్పుకుంటుంది, అప్పుడు సర్వర్ బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తుందని చెప్పే టైప్ ఫోర్కింగ్ లైనూ, పిడ్ ఫైల్ ఎక్కడుందో కూడా మీరు సర్వీస్ ఫైల్‌లో రాసుకోవాలి. కరెంటు హఠాత్తుగా పోతే ఆ పాత ఫైల్ అలాగే మిగిలిపోతుంది, బూట్ అయ్యాక అదే నంబర్ ఇంకో ప్రాసెస్‌కి వచ్చిందంటే సర్వర్ ఆల్రెడీ నడుస్తోందనుకుని స్క్రిప్ట్ ఆగిపోతుంది. అందుకే అదే ఫోల్డర్‌లో ఉన్న మినిమల్ రన్‌స్క్రిప్ట్ ఇవ్వండి. అది సర్వర్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లోకి తోయకుండా నడుపుతుంది, సిస్టమ్‌డీ దాన్ని నేరుగా కనిపెట్టుకుని ఉంటుంది, పిడ్ ఫైల్ గొడవే లేదు. రూట్‌తో (అన్ని అధికారాలూ ఉండే అడ్మిన్ యూజర్) మాత్రం వద్దు, బయటి నెట్‌కి తెరిచిన సర్వర్‌కి వేరే యూజర్ ఉండి తీరాలి.

రాత్రిబ్యాచ్:
అలాగే చేశాను, స్టేటస్ చూస్తే ఫెయిల్డ్ అంటోంది. ఇన్నాళ్లూ రూట్‌తోనే నడిచింది, ఇప్పుడు కొత్త యూజర్ పెట్టాను.

టెర్మినల్‌రాజు:
అయితే డేటాబేస్ ఫైలూ లాగ్స్ ఫోల్డరూ ఇంకా రూట్ పేరు మీదే ఉండుంటాయి, కొత్త యూజర్ వాటిలో రాయలేడు. సర్వీస్ ఆపి, ఫోల్డర్ మొత్తానికి చోన్ కమాండ్ హైఫన్ క్యాపిటల్ ఆర్‌తో ఓనర్‌ని మార్చి మళ్లీ స్టార్ట్ చేయండి. అప్పటికీ లేవకపోతే లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్ హైఫన్ యూ, పక్కన సర్వీస్ పేరు కొట్టి చివరి లైన్లు ఇక్కడ పెట్టండి.

రాత్రిబ్యాచ్:
లేచింది! రీబూట్ చేసి చూశాను, లాగిన్ కాకముందే సర్వర్ ఆన్‌లైన్‌లో ఉంది. చాలా థాంక్స్ అన్నా, పెద్ద టెన్షన్ తీరింది.

బయోస్‌బాబు:
ఇంకొకటి కూడా చూసుకోండి. రీబూట్ వేరు, కరెంటు పోయి రావడం వేరు. బయోస్‌లో పవర్ సెట్టింగ్స్ కింద ఏసీ పవర్ లాస్ అని ఉంటుంది, బోర్డును బట్టి పేరు కొంచెం మారుతుంది. అది పవర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. లాస్ట్ స్టేట్‌లో ఉన్నా ఫర్వాలేదు కానీ, మీరు మెషిన్ షట్‌డౌన్ చేశాక కరెంటు పోయి వస్తే అది ఆఫ్‌లోనే ఉండిపోతుంది.