లోపం ఉన్న పిల్లులకు ఇల్లు చూడాలి, ప్రకటనలో ఏం రాయాలి? (రాయగడ)

రాయగడ నుంచి, ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. రోడ్డు మీద దొరికిన పిల్లుల్ని తెచ్చి, బాగుచేసి, ఎవరికైనా ఇస్తుంటాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లలైతే ఇక్కడ ఇట్టే వెళ్లిపోతాయి. మొన్న స్టేషన్ దగ్గర దొరికిన చారల పిల్లల్ని ఫోటో పెట్టగానే పేపర్ మిల్లు క్వార్టర్స్ వాళ్లొకరు, గుణుపురం వాళ్లొకరు వచ్చి తీసుకెళ్లారు. మిగిలిపోయేవి ఎప్పుడూ ఒకటే రకం. ఇప్పుడు నా దగ్గర అలాంటివి మూడున్నాయి.

మల్లికి రెండు కళ్లూ లేవు. పసిగా ఉన్నప్పుడు జలుబు చేసి, కళ్లు పుసి కట్టి, పూర్తిగా పాడయ్యాక మాకు దొరికింది. ఆపరేషన్ చేయించి రెప్పలు కుట్టించాం. ఇప్పుడు ఏ బాధా లేదు, ఇల్లంతా తిరుగుతుంది. గంగి పుట్టుకతోనే తూలుతుంది. నాలుగడుగులు వేస్తే ఒక పక్కకు ఒరిగిపోతుంది, పళ్లెం దగ్గరికి వెళ్తే తల వణుకుతుంది. భీముణ్ణి బైకు గుద్దింది. వెనక కాళ్లు పనిచేయవు, ముందు కాళ్ల మీద పాకుతాడు. మూత్రం తనంతట తాను పోయలేడు, రోజుకు మూడుసార్లు మేమే పొట్ట నొక్కి తీయాలి.

వచ్చే నెల మా అత్తగారు మా దగ్గరికి వచ్చేస్తున్నారు. తుంటి ఎముక విరిగి మంచం మీద ఉన్నారు. పిల్లులున్న గదే ఆవిడకు ఇవ్వాలి. ఆవిడ పనితో పాటు ఈ ముగ్గురి పనీ నా వల్ల కాదు.

వచ్చినవాళ్లంతా "అయ్యో పాపం" అని తల నిమిరి వెళ్లిపోతున్నారు. అవిటి జంతువు ఇంట్లో ఉంటే మంచిది కాదని మొహం మీదే అన్నవాళ్లూ ఉన్నారు. గంగికి పిచ్చి పట్టిందేమోనని పక్కింటి గుంటలు దగ్గరికే రారు. ఇంకోపక్క విశాఖపట్నం నుంచి ఒకాయన గంగి వీడియో చూసి, రేపే పంపించేయండి, ఖర్చు నేను పెట్టుకుంటాను అంటున్నాడు. ఇంట్లో ఎవరుంటారని అడిగితే జవాబు లేదు.

నా ప్రశ్నలు రెండే. దూరమైనా అడిగినవాళ్లకు ఇచ్చేయాలా? భీముడి మూత్రం సంగతి ప్రకటనలోనే రాయాలా, లేక మనిషి వచ్చి వాణ్ణి చూసి ఇష్టపడ్డాక చెప్పాలా? మొదటే రాస్తే ఎవరూ ఫోన్ చేయరని మావారు అంటున్నారు.

పర్లాకిమిడి నుంచి

చెల్లీ, రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. మొదటి వాక్యంలోనే రాయండి.

నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. మిషన్ పక్కన ఎప్పుడూ ఒక కుంటిదో గుడ్డిదో ఉంటుంది, వాటికి ఇళ్లు చూస్తూనే ఉంటాను. మీవారు చెప్పింది నిజమే, ముందే రాస్తే ఫోన్లు తగ్గుతాయి. తగ్గనివ్వండి. ముద్దుగా ఉన్న ఫోటో చూసి, మనసులో ఇంటికి తీసుకెళ్లిపోయాక మూత్రం సంగతి తెలిస్తే మనిషికి మోసపోయినట్టు ఉంటుంది. మొహమాటానికి తీసుకెళ్లి, వారం తిరక్కుండా వెనక్కి తెస్తారు. ఆ తిరుగుడు పిల్లికి ఎంత చెడ్డదో చూసినవాళ్లకే తెలుస్తుంది. మల్లిలాంటిదైతే మరీ. మీసాలతో, వాసనతో, చప్పుడుతో ఒక్కొక్క గోడనూ నేర్చుకుని, "ఇది నా ఇల్లు" అనుకునేసరికి ఇంకో ఇల్లు. అన్నీ తెలిసి ఫోన్ చేసే మనిషి ఒక్కరు చాలు మనకు.

జాలితో వచ్చేవాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ జాలి పొద్దున ఐదింటికి లేచి తడిసిన గుడ్డ మార్చదు. నేను చూసేది ఒక్కటే: ఆ పని నా ఎదుట, వాళ్ల చేత్తో, చేశారా లేదా. భీముడి కోసం వచ్చినవాళ్లను టీ ఇచ్చి పంపేయకండి. తువ్వాలు పరిచి, వాణ్ణి పక్కకు పడుకోబెట్టి, వాళ్ల చేయి తీసి పొట్ట కింద వెనక కాళ్లకు కొంచెం ముందుగా పెట్టించండి. నిండిన మూత్రపు సంచి నిమ్మకాయంత గుండ్రంగా వేళ్లకు తగులుతుంది. వేళ్ల కొనలతో గుచ్చకూడదు, చదునుగా పెట్టి రెండు వైపుల నుంచీ తోక వైపుకు మెల్లగా ఒత్తాలి. సన్నటి ధార మొదలయ్యాక అదే ఒత్తిడి ఆగిపోయేదాకా ఉంచాలి. మొదటిసారి అందరి చేతులూ వణుకుతాయి. రెండోసారి రమ్మంటే వచ్చారంటే వాళ్లు మనుషులు. ధార రాకుండా సంచి గట్టిగా తగిలితే రేపు చూద్దాం అనుకోకూడదని, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలని కూడా అప్పుడే చెప్పండి. మూత్రం ఆగిపోతే కిడ్నీలు దెబ్బతింటాయి, పిల్లి ప్రాణానికే ముప్పు.

ఇలాంటివాణ్ణే ఒకణ్ణి కాశీనగరంలో ఒక పెద్దావిడకు ఇచ్చాను. మంచాన పడ్డ భర్తకు చాలాకాలం సేవ చేసిన మనిషి. మూత్రం, దుర్వాసన, పుండు, ఇవేవీ ఆవిడకు కొత్త కావు. నేను చెప్పేలోపే కింద రబ్బరు షీటు వేయాలని, పిర్రల దగ్గర ఒరుసుకోకుండా కొబ్బరినూనె రాయాలని ఆవిడే అంది. అందుకే చెబుతున్నా, వయసు చూసో, ఇంటి గొప్ప చూసో ఇవ్వకండి. రోజంతా మనిషి ఉండే ఇల్లు వెతకండి. రిటైరైన రైల్వే వాళ్లు, ఇంట్లో పచ్చళ్లు, అప్పడాలు చేసేవాళ్లు, వెనక ఇల్లు ముందు కొట్టు ఉన్నవాళ్లు. రాయగడలో అలాంటి తెలుగు ఇళ్లు ఎన్ని లేవు! ఫేస్‌బుక్‌లో కనపడరు వాళ్లు. కూరగాయల బజారులో, గుడి దగ్గర, మందుల షాపులో కాగితం అంటించండి, తెలుగులోనూ ఒడియాలోనూ.

విశాఖ ఆయన సంగతి. ఇంట్లో ఎవరుంటారో చెప్పని మనిషికి ఏ పిల్లినీ ఇవ్వను, గంగిని అసలే ఇవ్వను. తూలే పిల్లి వీడియోలో ముద్దుగా ఉంటుంది, జనం చూస్తారు. బాల్కనీ ఉందా, మెట్లున్నాయా అని అడగండి. వాటికి తలుపు గానీ వల గానీ లేకపోతే గంగి అక్కడ బతకదు.

జయపురం నుంచి

నేను పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను. గంగికి ఉన్నది పిచ్చీ కాదు, మూర్ఛా కాదు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు పాన్‌ల్యుకోపీనియా అనే వైరస్ సోకితే, కడుపులో పిల్లల చిన్నమెదడు సరిగ్గా ఎదగదు. ఒంటిని తూకంగా నిలిపేది ఆ భాగమే. అందుకే ఈ తూలడం, ఏదైనా అందుకోబోతే వణకడం. ఇది ముదరదు, నొప్పి ఉండదు, మనుషులకు గానీ పక్క పిల్లులకు గానీ ఈ తూలడం అంటుకోదు. మామూలు పిల్లి బతికినంత కాలం బతుకుతుంది. ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాసి ఇవ్వండమ్మా, సగం భయం పోతుంది. మిగతా సగానికి రేబీస్ టీకా వేయించిన కార్డు చూపించండి.

గంగికి గచ్చు మీద గోనెసంచి గానీ కొబ్బరిపీచు పట్టా గానీ పరిస్తే కాలు జారదు. పళ్లెం తేలికది వద్దు, బరువైన రాతి గిన్నెను చిన్న పీట మీద పెట్టండి. మలమూత్రాలకు రంపపు పొట్టు పోసి పెట్టే టబ్బుకు మూడు వైపులా గోడ ఎత్తుగా ఉంటే ఆనుకుని కూర్చుంటుంది, ఒక వైపు మాత్రం కిందికి కోయండి.

ఇంకోమాట, ఇది తీసుకెళ్లే ప్రతి ఇంటికీ చెప్పాలి. పిల్లి పాకిన నేలను ఫినాయిల్‌తో తుడవకూడదు, ఒంటికి డెట్టాల్ రాయకూడదు. అవి నాకడం వల్ల లోపలికి పోతాయి, వాటిని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. సబ్బునీళ్లు చాలు. జ్వరంగా ఉందని పారాసిటమాల్ వేస్తారు కొందరు. ఒక్క మాత్రతోనే పిల్లి చచ్చిపోవచ్చు.

బరంపురం నుంచి

పర్లాకిమిడి అక్క చెప్పిన చాలా మాటలు నిజం. కానీ దగ్గరి ఇల్లే మంచిదన్నట్టు ఉంది, అది నేను ఒప్పుకోను. మన చిన్న ఊళ్లలో డాక్టర్లు ఆవుల్ని, మేకల్ని చూసినంత బాగా పిల్లిని చూడరు. భీముడిలా చేత్తో మూత్రం తీసే పిల్లికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తరచూ వస్తుంది. పరీక్ష చేసి సరైన మందు ఇవ్వాలంటే ల్యాబ్ కావాలి. వాడికి మాత్రం బరంపురమో విజయనగరమో నయం. విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది. రాయగడ నుంచి బొబ్బిలి మీదుగా విజయనగరానికి రైలు ఉండనే ఉంది.

నా దగ్గర ఎఫ్‌ఐవీ (పిల్లుల్లో రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గించే వైరస్) ఉన్న గండుపిల్లి ఉంది. అది వినగానే జనం పారిపోయారు. అది మనుషులకు రాదు, కుక్కలకు రాదు. పిల్లి నుంచి పిల్లికి కూడా ఎక్కువగా లోతుగా కరుచుకుంటేనే వస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఇంట్లో ఉంచాక వీడు ఎవరితోనూ కొట్లాడడు. హాయిగా తిని పడుకుంటాడు. ఎఫ్‌ఈఎల్‌వీ (పిల్లుల్లో ల్యుకేమియా తెచ్చే వైరస్) అలా కాదు, అది ఎంగిలితో, ఒకదాన్నొకటి నాకడంతో కూడా పాకుతుంది, దాంతో జాగ్రత్త. రెండూ ఒకే కిట్టులో నాలుగు చుక్కల రక్తంతో తెలుస్తాయి. రాయగడ అక్కా, మీ మూడు పిల్లులకీ ఆ పరీక్ష చేయించారా? అవతలి ఇంట్లో వేరే పిల్లి ఉంటే మొదట అడిగేది అదే. ఆరు నెలల్లోపు పిల్లకు ఎఫ్‌ఐవీ ఉందని వస్తే మాత్రం బెంగపడకండి, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కావచ్చు, ఆరు నెలలు దాటాక మళ్లీ చూపించాలి.

పర్లాకిమిడి నుంచి

తమ్ముడూ, భీముడి విషయంలో నీ మాట సరే. వాడికి డాక్టరు దగ్గరలో ఉండాలి. మల్లికీ గంగికీ ఆ అవసరం లేదు, వాటికి మనిషి దగ్గరలో ఉంటే చాలు.

రాయగడ నుంచి

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ముగ్గురికీ టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు అయ్యాయి. రక్తపరీక్ష కూడా చేయించాం, రెండూ లేవు. విశాఖ ఆయనకు వద్దని చెప్పేశాను. భీముడి ప్రకటన ఇలా రాశాను, చూసి చెప్పండి:

"భీముడు. మగ పిల్లి, వయసు సుమారు రెండేళ్లు. వెనక కాళ్లు పనిచేయవు. రోజుకు మూడుసార్లు చేత్తో మూత్రం తీయాలి, మేం నేర్పిస్తాం. మలం దానంతటదే పడుతుంది, డైపరు కావాలి. ఉడికించిన కోడిమాంసం, చేప, గుడ్డు, పిల్లుల మేత తింటాడు. ఉత్త పెరుగన్నం మీద ఉంచే ఇంటికి ఇవ్వం. ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, డాక్టరు అందుబాటులో ఉండాలి. ఇచ్చేముందు మేం ఇల్లు చూస్తాం. ఏ కారణంతో వద్దనుకున్నా మాకే తిరిగి ఇవ్వాలి. జాలి ఉన్నవాళ్లు ఫోన్ చేయండి."

మల్లిని చూడ్డానికి గుణుపురంలో బడి దగ్గర కొట్టు నడిపే దంపతులు వస్తామన్నారు. పిల్లలు దూరంగా ఉన్నారట, ఇద్దరూ రోజంతా ఇంట్లోనే.

పర్లాకిమిడి నుంచి

చాలా బాగా రాశారు. చివరి వాక్యం తీసేసి, "మూత్రం తీయడం నేర్చుకోవడానికి రెండుసార్లు మా ఇంటికి రాగలిగినవాళ్లు ఫోన్ చేయండి" అని పెట్టండి. పెరుగన్నం దగ్గర కారణం కూడా ఒక్క ముక్క రాయండి, లేకపోతే గొప్పలకు పోయారనుకుంటారు. టారిన్ అనేది మాంసంలో, చేపలో దొరుకుతుంది, అది అందకపోతే పిల్లికి గుండె, కళ్లు రెండూ దెబ్బతింటాయి. సంతలో దొరికే ఎండుచేపలు కూడా వద్దని చెప్పండి, ఉప్పు ఎక్కువ.

మత్తుగా పడుకున్న ఫోటో పెట్టకండి. వాడు బంతి వెంట పాకుతున్న వీడియో పెట్టండి, డైపరు కూడా కనపడనివ్వండి.

గుణుపురం వాళ్లకు మల్లిని ఇస్తే, తను పడుకునే దుప్పటి ఉతక్కుండా అలాగే పంపండి. మొదటి వారం ఒకే గదిలో ఉంచాలి, నీళ్ల గిన్నె, టబ్బు జరపకూడదు. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి, హఠాత్తుగా ఎత్తుకోకూడదు. ఆ తర్వాత కొట్టులోకి రానివ్వచ్చు గానీ వీధి తలుపుకు జాలీ బిగించాకే. జాలీ బిగించామని చెబితే సరిపోదు, మీరు వెళ్లి చూడండి. అటువైపు మా ఆడపడుచు ఇల్లు ఉంది, మీకు కుదరకపోతే తనను పంపుతాను.